మృత్తిక మలినమా?

మా అమ్మ కాలధర్మం చెందడానికి పూర్వం నాలుగు మాసాలు మంచం పట్టి ఉన్నది. ఆమెకు పరిచర్య చేయడానికి ఒక స్త్రీని నెలజీతం మీద కుదుర్చుకున్నాము. ఆమెను పంపినవారు ఒక పుస్తకం కూడా ఇచ్చారు. మందు వేసిన వేళ, ఆహారం తీసుకున్న వేళ, పక్కబట్టలు మార్చిన వేళ అందులో గీతలు పెట్టాలి. గడుల మీద శీర్షికలన్నీ ఆంగ్లంలోనే. పక్కబట్టల గడి మీద 'సాయిల్డ్' అని ఉన్నది. ఒక ఉదయం అమ్మ ఆ గడి చూపించి, "రోజూ ఇక్కడ గీత పెడుతున్నదే, ఏమని రాసి ఉంది నాయనా?" అని అడిగింది. ముప్ఫై సంవత్సరాలు కళాశాలలో ఆంగ్లం బోధించినవాడను. ఉన్నమాట చెప్పడానికి నోరు రాక, ఆ పదంలో వినిపించే నేలను పట్టుకుని, "బట్టలకు మట్టి అయిందని" అన్నాను. అమ్మ నవ్వింది. "మట్టి ఎక్కడిదిరా? నేల మీద కాలు పెట్టి మూడు నెలలైంది. మట్టి అయితే ఎంత బాగుండేది" అన్నది.

ఆ మాట నన్ను విడిచిపెట్టలేదు. ఆంగ్లంలో 'డర్ట్' అనీ 'సాయిల్' అనీ రెండు పదాలున్నాయి. మాలిన్యం అనే అర్థంలో రెండింటినీ ఇంచుమించు పర్యాయపదాలుగానే వాడుతారు. నేనూ అట్లాగే బోధించాను. కాని వాటి గోత్రాలు వేరు. 'డర్ట్' ప్రాచీన నార్స్ భాషలోని 'డ్రిట్' అనే పదం నుండి వచ్చింది. దాని అర్థం పురీషం. హింస నుండి సింహం వచ్చినదని మన వైయాకరణులు చెప్పే వర్ణవ్యత్యయం వంటిదే అక్కడా జరిగి, 'డ్రిట్' కాస్తా 'డర్ట్' అయింది. అనగా మన 'మల' శబ్దానికి సమీపార్థకం. మలమనగా విసర్జితం, మలమనగా మాలిన్యం. ఆ రెండర్థాలూ రెండు భాషలలోనూ ఒకే పదాన్ని ఆశ్రయించాయి.

'సాయిల్' కథ విచిత్రమైనది. నేల అనే అర్థంలో ఉన్న 'సాయిల్' లాటిన్‌లో ఆసనాన్నీ నేలనూ తెలిపే పదాల నుండి ఫ్రెంచి ద్వారా వచ్చింది. మలినపరచు అనే క్రియారూపమైన 'సాయిల్' వేరొక ఫ్రెంచి పదం నుండి వచ్చింది. దాని మూలం పందిని తెలిపే లాటిన్ పదమని నిఘంటుకారులు సాధారణంగా చెబుతారు. పంది పొర్లే బురద అక్కడి భావన. ఈ రెండు పదాలకూ పుట్టుకలో బంధుత్వం లేదు. ఉచ్చారణ ఒకటి కావడం వలన ఒకే ఇంటిపేరుతో తిరుగుతున్నాయి. చివరకు ఆంగ్లం మాట్లాడేవాడి మనస్సులో నేల, మలినపరచడం అనేవి ఒకే ధ్వనిలో కలిసిపోయాయి. అమెరికాలోనైతే ఈ సాంకర్యం ఇంకొక మెట్టు పైకి వెళ్ళింది. అక్కడ తోటలోని మన్నును కూడా 'డర్ట్' అనే అంటారు, మట్టిబాటను 'డర్ట్ రోడ్' అంటారు. అక్కడ పుట్టిన మా మనుమరాలు తులసికుండీలో చేయి పెట్టి ఆ పదమే పలికినప్పుడు నాకు చివుక్కుమన్నది. బిడ్డ తప్పేమీ లేదు, అది ఆ దేశపు వ్యవహారం. అయినా పదాలు ఊరికే ఉండవు. పురీషానికి పెట్టిన పేరుతో పృథివిని పిలుస్తూ పెరిగిన వానికి పృథివి మీద గౌరవం వేరే నేర్పవలసి వస్తుంది. మృత్తికా శాస్త్రజ్ఞులు తమ విద్యార్థులకు మొదటి తరగతిలోనే 'సాయిల్‌ను డర్ట్ అనకండి' అని చెప్పడం అక్కడ పరిపాటి. ఐక్యరాజ్యసమితి 2015ను అంతర్జాతీయ మృత్తికా సంవత్సరంగా ప్రకటించవలసి వచ్చింది. ఆంగ్లాన్ని పూర్తిగా తప్పుపట్టడమూ న్యాయం కాదు. మనిషిని తెలిపే 'హ్యూమన్', వినయాన్ని తెలిపే 'హంబుల్' అనే పదాలు రెండూ లాటిన్‌లో మట్టికున్న పేరుతో చుట్టరికం కలిగినవే.

ఇక మన వైపు చూద్దాం. సంస్కృతంలో 'మృత్' వేరు, 'మల' వేరు. అవి కలిసిపోలేదు సరికదా, ఒకటి రెండవదానికి ఔషధం. గీత పదమూడవ అధ్యాయంలో జ్ఞానసాధనాలను చెప్పేచోట వచ్చే శౌచ శబ్దానికి శంకర భగవత్పాదులు అర్థం చెబుతూ, శరీరమలాలను మట్టితోనూ నీటితోనూ కడగడం బాహ్యశౌచమనీ, రాగద్వేషాది మనోమలాలను ప్రతిపక్షభావనతో తొలగించడం అంతశ్శౌచమనీ వివరించారు. ఆంగ్లంలో 'సాయిల్' చేయడమంటే మురికి చేయడం. ఆచార్యుల వాక్యంలో మట్టి మురికిని పోగొట్టే సాధనం. ఈ భేదాన్ని నేను గ్రంథంలో చదవడానికి ముందే కన్నులారా చూశాను. కోనసీమలో మా చిన్నతనంలో అమ్మ కాలువ రేవులో కూర్చుని ఇత్తడి బిందెలు తోమేది. కొబ్బరిపీచు, చింతపండు, ఒడ్డున తవ్విన మెత్తని మట్టి, ఇంతే. నల్లబడిన బిందె మట్టిలో మునిగి బంగారంలాగా బయటికి వచ్చేది. మాకు సబ్బు తెలియక కాదు. మట్టి శుద్ధి చేస్తుందనే విషయంలో ఆ ఇంట ఎవరికీ సందేహం ఉండేది కాదు.

'మృత్' శబ్దాన్ని నూరుట, పొడి చేయుట అనే అర్థంగల ధాతువు నుండి సాధిస్తారు. నలిగినది మృత్తిక. ఛాందోగ్యంలో సనత్కుమారుడు నారదునికి తమస్సు ఆవలి ఒడ్డును చూపించేటప్పుడు, ఆ నారదుని కషాయాలు, అనగా మనస్సుకు పట్టిన మరకలు, అప్పటికే నలిగి తొలగిపోయాయని ఉపనిషత్తు చెబుతుంది. అక్కడ మరక నలగడాన్ని తెలిపే శబ్దమూ, ఇక్కడ మట్టికి పేరైన శబ్దమూ వినడానికి ఒకే ఇంటివి. ఆ ఉపనిషత్తులోనే ఉద్దాలకుడు శ్వేతకేతువుకు బ్రహ్మవిద్య చెప్పబోతూ మొదటి దృష్టాంతంగా ఏమి చేతికి తీసుకున్నాడు? మట్టిముద్దను. బంగారం, ఇనుము ఆ తరువాత వచ్చాయి. కుండలు, మూకుళ్ళు వాక్కు కల్పించిన నామాలు మాత్రమే, మట్టియే సత్యమని కుమారునికి బోధించాడు. పరమసత్యానికి ఉపమానం కాదగినదాన్ని మలినమని ఎట్లా అనగలం?

మహానారాయణోపనిషత్తులోని మృత్తికా మంత్రాలను స్నానకాలంలో పఠించే సంప్రదాయం ఇప్పటికీ నిలిచి ఉన్నది. శతబాహువైన కృష్ణవరాహం చేత ఉద్ధరింపబడినదానా, నా పాపాన్ని హరించమని మృత్తికను వేడుకుంటారు. చూడండి, ఆంగ్లపదం మూలంలోనూ వరాహమే ఉన్నది, మన మంత్రంలోనూ వరాహమే ఉన్నది! అక్కడ అది పొర్లి మలినం చేసింది, ఇక్కడ మునిగి పైకి ఎత్తింది. ఇది యాదృచ్ఛికమే, దీని మీద సిద్ధాంతాలు కట్టను. కాని ఆ ఉదయం ఇది తట్టినప్పుడు చాలాకాలానికి నాకు నవ్వు వచ్చింది.

బాలకృష్ణుడు మన్ను తిన్నాడని యశోద నోరు తెరిపించిన ఘట్టం పోతనామాత్యుని పుణ్యమా అని తెలుగు ఇళ్ళలో తెలియని వారు లేరు. ఆ తల్లి వెదకినది మురికి కోసం. కనబడినది సమస్త బ్రహ్మాండం. కాంచీపురంలో ఏకామ్రనాథుడు పృథివీలింగంగా వెలసినందున ఆ లింగానికి జలాభిషేకం చేయరు, మట్టి కరిగిపోతుందని. దేవునికి నీరు పోయడమైనా మానుకున్నారు గాని, మట్టిలో దేవుని చూడడం మానలేదు.

అయితే ఇక్కడ ఆగితే సగం మాట చెప్పినట్లే అవుతుంది. మట్టి పవిత్రం, మలం అపవిత్రం అని గీత గీసి కూర్చుంటే, అమ్మ పక్కబట్టల సంగతి ఏమిటి? అవి మట్టివి కావు కదా.

మలం గురించి మన శాస్త్రాలు చెప్పినది నింద మాత్రమే కాదు. మనుస్మృతి అయిదవ అధ్యాయం మనుష్యదేహానికి పన్నెండు మలాలను లెక్కిస్తుంది. ఆ జాబితాలో మూత్రపురీషాలతో పాటు రక్తం ఉన్నది, మజ్జ ఉన్నది, అశ్రువులు కూడా ఉన్నాయి. కన్నీరు మలమా? దేహం నుండి బయటపడితే మలమే. లోపల ఉన్నంతసేపు రక్తాన్ని ఎవరూ మురికి అనరు. ఆయుర్వేదమైతే ఇంకా స్పష్టంగా, దోషధాతువులతో పాటు మలాలను కూడా శరీరానికి మూలాధారాలుగా చెప్పింది. తలమీద ఉన్న కేశాన్ని నూనె రాసి దువ్వి గౌరవిస్తాము. అదే కేశం అన్నంలో కనిపిస్తే విస్తరి వదిలి లేస్తాము. కేశంలో వచ్చిన మార్పు ఏమీ లేదు. బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞురాలు మేరీ డగ్లస్ 1966లో ప్రకటించిన 'ప్యూరిటీ అండ్ డేంజర్' అనే గ్రంథంలో ఇటువంటి విచారమే చేశారు. మురికి అనేది పదార్థ స్వభావం కాదనీ, ఒక సమాజం తాను ఏర్పరచుకున్న క్రమంలో ఇమడనిదానికి ఇచ్చే స్థానమనీ ఆమె వాదం. మంచి వాదమే. వేదాంతి మరొక ప్రశ్న వేస్తాడు: ఆ క్రమాన్ని ఏర్పరచి, ఇది తగినది, ఇది తగనిది అని విభజిస్తున్నవాడు ఎవడు? వాని చూపు నిర్మలమేనా?

ఈ ప్రశ్నకు సమాధానం బ్రహ్మసూత్రభాష్యం మొదటి పుటలలోనే ఉన్నది. అధ్యాసను నిరూపిస్తూ ఆచార్యులు ఆకాశాన్ని ఉదాహరించారు. ఆకాశం కంటికి కనిపించే వస్తువే కాదు. అయినా అవివేకులు దానికి ఒక తలాన్నీ, ఒక మలినత్వాన్నీ అంటగడతారట. భాష్యకారులు ఎన్నుకున్న ఉదాహరణలో మాలిన్యమే ఉండడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. అంటుకోవడానికి ఆస్కారమే లేని చోట కూడా మురికిని చూడగల శక్తి మనస్సుకున్నది. గీత మూడవ అధ్యాయంలో కామం జ్ఞానాన్ని కప్పే విధానానికి చెప్పిన మూడు ఉపమానాలలో ఒకటి మలం కప్పిన అద్దం. అద్దం మలంగా మారదు. తుడిస్తే ముందున్నదే కనిపిస్తుంది. ఏడవ అధ్యాయంలో భగవానుడు పృథివిలోని పుణ్యగంధం తానేనన్నాడు. దానికి భాష్యం రాస్తూ శంకరులు, గంధానికి పుణ్యత్వం స్వభావసిద్ధమనీ, దుర్గంధమనేది సంసారుల అవిద్యా అధర్మాలను అపేక్షించి, భూతవిశేషాల సంసర్గం వలన కలిగే ఆగంతుకమనీ తేల్చారు. తొలివాన పడినప్పుడు నేల నుండి లేచే పరిమళాన్ని ఎరిగినవారికి ఈ వాక్యానికి వేరే వ్యాఖ్య అక్కరలేదు.

ఇక్కడ కొందరు సాధకమిత్రులు ఆక్షేపిస్తారు. 'శౌచం వలన స్వదేహం మీద జుగుప్స కలుగుతుందని పతంజలి మహర్షి రెండవ పాదంలో చెప్పారు కదా. ఇతరులతో సంసర్గం కూడా వద్దన్నారు కదా. దేహం మురికి అని భావించడమే వైరాగ్యానికి ద్వారం కాదా?' అంటారు. ఆక్షేపం బలమైనదే. మట్టితో, నీటితో ఎంత కడిగినా తన దేహానికి శుద్ధి కనబడనివాడు పరదేహాల సంసర్గాన్ని ఎట్లా కోరుతాడు అని వ్యాసభాష్యం కూడా అంటున్నది. కాని సూత్రంలో జుగుప్సకు ముందు 'స్వ' శబ్దం ఉన్నదని గమనించాలి. జుగుప్స తన అంగాల మీద, తన దేహాభిమానం కరగడానికి. మనం చేస్తున్నది దానికి తలక్రిందులు: తన దేహాన్ని పన్నీటితో పూజించుకుంటూ ఎదుటివాని దేహాన్ని చూసి ముక్కు మూసుకోవడం. సరియైన జుగుప్స ఏదో తెలుసుకోవడానికి గీటురాయి మరుసటి సూత్రంలోనే ఉన్నది. శౌచానికి ఫలంగా సత్త్వశుద్ధి, సౌమనస్యం మొదలైనవి అక్కడ చెప్పబడ్డాయి. ఏ జుగుప్స చివరకు సౌమనస్యాన్ని ఇస్తుందో అది యోగం. ఏది ద్వేషాన్ని పెంచుతుందో అది మరొక మలం.

ఈ గీటురాయి మీద నన్ను నేను గీసి చూసుకున్న సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉన్నది.

మా అమ్మకు పరిచర్య చేసిన ఆ స్త్రీకి మొదటి రోజునే పెరటి గోడ మీద ఒక స్టీలు గ్లాసు విడిగా పెట్టాము. కాఫీ అయినా, మంచినీళ్ళయినా అందులోనే. ఇంట్లో మడి ఆచారం గల ముసలి తల్లి ఉన్నదని నాకు నేను సమాధానం చెప్పుకున్నాను. తెల్లవారకముందే వచ్చి, ఏ కుమారుడూ, ఏ కోడలూ ముఖం చిట్లించకుండా చేయలేని పనిని ఆమె మాట్లాడుతూ, అమ్మను నవ్విస్తూ చేసేది. "అమ్మగారూ, ఇటు ఒత్తిగిలండి, అయిపోయింది" అనేది. మలాన్ని తొలగించి గదిని శుద్ధి చేసి వెళ్ళేది. వెళ్ళి, ఆ గోడ మీది గ్లాసులో కాఫీ తాగేది. ఆ సాయంత్రాలలోనే నేను ముందుగదిలో నలుగురు జిజ్ఞాసువులకు అధ్యాసభాష్యం పాఠం చెబుతుండేవాడిని.

మురికిని పోగొట్టే మట్టిని మురికి అనడం ఆంగ్లభాషలో జరిగిన పొరపాటని ఇంతదూరం రాశాను. మురికిని పోగొట్టే మనిషిని మురికి అనడం మన భాషలో, మన ఇళ్ళలో, మన వీధులలో జరిగిన పొరపాటు. మొదటిది రెండు పదాల ధ్వని కలవడం వలన వచ్చింది. రెండవదానికి అటువంటి సాకు కూడా లేదు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ దేశంలో 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో మరొక చట్టం చేయవలసివచ్చింది. ఆకాశానికి మలినత్వాన్ని అంటగట్టినవాడు బాలుడని ఆచార్యులు దయతో అన్నారు. సాటి మనిషికి అంటగట్టినవానిని ఏమనాలి? కాశీలో ఎదురైన చండాలుని తప్పుకొమ్మన్నప్పుడు, ఏది తప్పుకోవాలి, అన్నమయమైన ఈ దేహం ఆ దేహం నుండి తప్పుకోవాలా, చైతన్యం చైతన్యం నుండి తప్పుకోవాలా అని అతడు అడిగినట్లు, శంకరులు నమస్కరించి మనీషాపంచకం చెప్పినట్లు ఐతిహ్యం. ఆ కథను నేను ఎన్ని సభలలో చెప్పానో లెక్కలేదు. చెబుతున్నప్పుడు గ్లాసు గోడ మీదనే ఉన్నది.

అద్వైత సంప్రదాయంలో చిత్తదోషాలు మూడు: మలం, విక్షేపం, ఆవరణం. నిష్కామకర్మతో మొదటిది, ఉపాసనతో రెండవది, జ్ఞానంతో మూడవది తొలగుతాయి. మనవంటివారం పుస్తకాలు పట్టుకుని నేరుగా ఆవరణభంగానికి బయలుదేరుతాము. మలం అక్కడే ఉంటుంది. దాన్ని కడగవలసిన మట్టిని మనం ముట్టుకోము.

ఒక మధ్యాహ్నం అమ్మ నన్ను పిలిచి, "ఆ అమ్మాయి ఎందులో తాగుతున్నదిరా?" అని అడిగింది. కిటికీలోంచి గోడ ఆమెకు కనిపిస్తూనే ఉంది కాబోలు. నేను తడబడి, "నీ మడి కోసమే విడిగా..." అన్నాను. "నేను పెట్టమన్నానా?" అన్నది. అనలేదు. ఆ గ్లాసు పెట్టింది నేనే. "నన్ను శుభ్రం చేసేది అది. నీళ్ళు తాగేది బయటా? తీసి లోపల పెట్టు" అన్నది. తీశాను. వంటింట్లో మిగతా గ్లాసుల మధ్య పెడితే కొంతసేపటికి అది ఏదో నాకే గుర్తుపట్టలేకపోయింది. మరునాడు ఆ స్త్రీ గోడవైపు వెళ్ళి, గ్లాసు లేకపోవడం చూసి, తాను చేసిన తప్పేమిటోనని భయపడింది. అది చూసినప్పుడు కలిగిన బాధ ఏ భాష్యపాఠంలోనూ నాకు కలగలేదు. లోపలికి రమ్మని, అందరితో పాటు కాఫీ ఇచ్చాము. ఆమె చాలా రోజులు గ్లాసును రెండు చేతులతో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి తాగేది. మనం గీసిన గీతలు మనం చెరిపినంత మాత్రాన ఎదుటివారి కాళ్ళకు వెంటనే చెరిగిపోవు.

చివరి వారంలో అమ్మకు ఆహారం సహించలేదు. వాసనలు మాత్రం తెలుస్తుండేవి. ఒకరోజు, తులసికోట దగ్గర మన్ను కొంచెం తడిపి తెమ్మన్నది. ఆ స్త్రీ వెళ్ళి గుప్పెడు తెచ్చి, అమ్మ అరచేతిలో పెట్టి, ఆ చేతిని తానే పట్టుకుని ముక్కు దగ్గరకు చేర్చింది. అమ్మ చాలాసేపు కళ్ళు మూసుకుని ఉన్నది. వేళ్ళ సందుల నుండి తడిమన్ను జారి తెల్లని దుప్పటి మీద పడింది. "మారుస్తానమ్మగారూ" అంటూ ఆమె దుప్పటి అంచు పట్టుకోబోయింది. "ఉండనియ్యవే తల్లీ, మట్టే కదా" అన్నది అమ్మ.